గంగమ్మకు పోసిన మజ్జిగ

జమ్మలమడుగు నుంచి పులివెందులకు తిరిగే బస్సులో నేను కండక్టరును. పేరు సురేంద్ర. నాకు కోపం ఎక్కువని డిపోలో అందరూ అంటారు. నిజమే. చిల్లర లేదంటే కోపం, మెట్ల మీద వేలాడితే కోపం. కానీ ఆ రెండు వారాలు మాత్రం నా అంత మంచి కండక్టరు జిల్లాలో ఇంకొకడు లేడు. ఎక్కిన ప్రతి ఒక్కరినీ నవ్వుతూ పలకరించేవాడిని. టికెట్టు ఇచ్చి, ఊరుకోకుండా ఒక మాట చెప్పేవాడిని.

‘మా అన్న కూతురు కళ్యాణి తెలుసా? ఇడుపులపాయలో ఇంజనీరింగు చదువుతాంది. నేల కింద ఆర్నూట నలభై అడుగుల లోతులో, ఎండ మొకం చూడని నీళ్ళల్లో ప్రాణముందని కనిపెట్టింది. ప్రొద్దుటూరు సభలో మాట్లాడబోతాంది.’

ముద్దనూరు వచ్చేలోపు బస్సంతా తెలిసిపోయేది. గోరంతను కొండంత చేయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. కానీ ఇది గోరంత విషయం కాదు కదా అని నా ధీమా.

మాది గొర్రెల ఇల్లు. మా అన్న రమేష్‌కు ఇప్పటికీ అరవై గొర్రెలు, నాలుగెకరాల మెట్ట ఉన్నాయి. మా అమ్మ పెద్దసుబ్బమ్మకు డెబ్బై దాటినా మందను అరిచి అదిలిస్తే పక్క చేలో మంద కూడా ఆగిపోతుంది. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటివాడిని నేను. నన్ను దాటింది కళ్యాణి. అంత దూరం దాటుతుందని నేనూ అనుకోలేదు.

పోయిన వేసవిలో సెలవులకు వచ్చినప్పుడు ఆ పిల్ల దొడ్డి పక్కన కూర్చుని మా అమ్మకు ఆకాశం పాఠం చెప్పింది. గురుగ్రహం చుట్టూ తిరిగే చందమామల్లో యూరోపా అని ఒకటుందట. పైనంతా మైళ్ళ మందాన మంచుగడ్డ. దాని కింద మన సముద్రాలన్నిటినీ కలిపినా సరిపోనన్ని నీళ్ళు ఉండవచ్చట. శనిగ్రహం దగ్గర ఎన్సెలాడస్ అనే ఇంకో చిన్న చందమామ అయితే మంచులో పగుళ్ళ నుంచి నీళ్ళను ఆకాశంలోకి చిమ్ముతుందట.

‘ఆ నీళ్ళు తాగేదానికి ఆడ ఏమన్నా ఉందా?’ అని అడిగింది అమ్మ.

‘అదే ఎవురికీ తెలీదు జేజీ. తెలుసుకోవాలనే ఇంతమంది తన్నుకలాడేది.’

‘నీళ్ళుండి ప్రాణం లేని తావు నేనైతే చూళ్ళేదు. ఏడాదంతా ఎండిన కుంటలో వాన పడితే వారం తిరిగేలోగా కప్పలు అరవడంల్యా? యాడుండినాయి అవి అంతవరకు?’

కళ్యాణి వెంటనే లోపలికి పోయి నోటు పుస్తకం తెచ్చుకుని ఏదో రాసుకుంది. ఆ పిల్ల ప్రాజెక్టు అక్కడే పుట్టిందని నా నమ్మకం. ఈ సంగతి కూడా బస్సులో చెప్పేవాడిని.

యూరోపాకు పోయి నీళ్ళు తేవడం మన చేతుల్లో లేదు. కానీ వెలుగు సోకని నీళ్ళు మన కాళ్ళ కిందా ఉన్నాయి. ఎప్పుడూ బయటికి రాని ఆ నీళ్ళు మొదటిసారి పైకి వచ్చినప్పుడే పట్టుకుని, అందులో సూక్ష్మజీవులు ఉన్నాయేమో చూడాలి. చీకట్లో, రాతి పగుళ్ళలో అవి బతకగలిగితే అక్కడా బతకవచ్చు. అదీ కళ్యాణి ఆలోచన. అప్పుడే మా అన్న మూడోసారి బోరు వేయించడానికి సిద్ధమయ్యాడు. మొదటి రెండు బోర్లలో దుమ్ము తప్ప ఏమీ రాలేదు.

బోరు లారీ వచ్చిన రోజు కళ్యాణి చేసిన హడావిడి అంతా ఇంతా కాదు. సీసాలు, వాటిని దించే సన్నటి తాడు, చేతి తొడుగులు అన్నీ ప్రెషర్ కుక్కర్లో పెట్టి అరగంట ఉడకబెట్టింది. ‘ఏం పలావు చేస్తాండావు పాపా?’ అని నేను నవ్వితే కసిరింది. బోరు రాడ్డుకు అంటుకున్న బురదను కూడా వేరే సీసాలో పట్టింది. రేపు నీళ్ళలో ఏదైనా కనిపిస్తే, అది రాడ్డుతో లోపలికి పోయిందా, లోపల ముందే ఉందా అని తేల్చుకోవడానికట. నేను బోరు నోట్లో దించిన కేసింగు పైపు మీద చెయ్యి వేసి నిలబడితే, ‘చిన్నాయనా, చెయ్యి తీయ్! దాంట్లో ఏమీ పడకూడదు’ అని అరిచింది. కోపంలో నా పోలికే.

పదకొండు గంటలకు దుమ్ము తడిసింది. ఇంకాసేపటికి నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచాయి. మా అన్న చేలో కూలబడి ఏడ్చాడు. నేను కూడా ఏడ్చాను, కాకపోతే నీళ్ళు మొహం మీద పడుతున్నాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు. గంటసేపు నీళ్ళను బయటికి ఊదించి, రాడ్లు తీసి, బోరు లారీ వాళ్ళు అన్నానికి పోయారు. కళ్యాణి సీసాలు తెచ్చుకోవడానికి షెడ్డులోకి పోయింది.

ఆ పది నిమిషాల్లో ఏం జరిగిందో తర్వాత చెబుతాను. అప్పటికి అది నాకు చెప్పుకోదగ్గ విషయంగా తోచలేదు మరి.

కళ్యాణి మూడు సీసాల నీళ్ళు పట్టి మూతలు బిగించి ఐసుపెట్టెలో పెట్టుకుని నా బస్సులోనే పులివెందులకు తీసుకుపోయింది. అక్కడ ఒక కాలేజీలో జీవశాస్త్రం చెప్పే గౌరీ మేడం తన ల్యాబులో పని చేసుకోనిచ్చింది. నాలుగు రోజులకు కళ్యాణి ఫోను చేసింది.

‘చిన్నాయనా, మూడు సీసాల్లోనూ మొలిచినాయి! సన్నగా పుల్లముక్కల మాదిరి ఉండాయి. రాడ్డు బురదలో ఇవి లేవు. అంటే కిందివే!’

అదంతా రాసి పంపితే ప్రొద్దుటూరులో జరిగే విద్యార్థుల సైన్సు సభకు ఐదుగురిలో ఒకరుగా ఎంపికైంది. ఆ ఐదుగురిలో ఒక్కరికే బెంగళూరులోని ఒక పరిశోధనశాలలో రెండు నెలలు పనిచేసే అవకాశం. ఇతర లోకాల నీళ్ళ గురించే అక్కడ పరిశోధన. ఆ ఒక్కరు తానే కావాలని కళ్యాణి ఎంత ఆశపడిందో నాకు తెలుసు. హాస్టలు గోడకు యూరోపా బొమ్మ అంటించుకుని దానికి మొక్కుకున్నంత పని చేసింది.

సభ శనివారం. గురువారం మధ్యాహ్నం కళ్యాణి పులివెందులలో నా బస్సెక్కింది. ప్రసంగం ఇంట్లో వాళ్ళ ముందు ఒకసారి చదివి చూసుకుందామని వస్తోంది. కళ్ళ పరీక్షకని వచ్చిన మా అమ్మ కూడా అదే బస్సులో ఉంది. ఆడవాళ్ళకు సున్నా టికెట్టు కదా, మా అమ్మ ఆధార్ కార్డు నా ముక్కు దగ్గర పెట్టి, ‘చూసుకో సారూ’ అంది. బస్సంతా నవ్వింది. నేను కూడా నవ్వి టికెట్టు చించి ఇచ్చాను.

కళ్యాణి ఇంటిదాకా ఆగలేకపోయింది. జేజి పక్కన కూర్చుని కాగితాలు తీసి చదవడం మొదలుపెట్టింది. ముందు సీట్లో వాళ్ళు కూడా వెనక్కి తిరిగి వింటున్నారు. నేను కమ్మీ పట్టుకుని, ‘చూశారా’ అన్నట్టు అందరి మొహాలూ చూస్తున్నాను.

‘రాడ్లు పైకి తీసినప్పటి నుంచి మేము సీసాలు దించేదాకా, బయటి నుంచి ఆ నీళ్ళలోకి ఏదీ పోలేదు’ అని చదివింది కళ్యాణి.

‘ఏదీ పోలేదంటావేందే?’ అంది మా అమ్మ. ‘మజ్జిగ పోయింది గదా.’

కళ్యాణి కాగితం దించింది. ‘ఏం మజ్జిగ జేజీ?’

‘గంగమ్మకు పోసిన మజ్జిగ. కొత్త నీళ్ళు పడితే ఇంటి పెద్దాడది ముందు గంగమ్మకు మజ్జిగ పోయల్ల. నువ్వు షెడ్డులోకి పోయినప్పుడు పోసినా. కుండెడు పోసినా. ఇదో, మీ చిన్నాయనే పట్టుకున్యాడు కుండ.’

అదండీ ఆ పది నిమిషాల సంగతి. కళ్యాణి చేతులు పెట్టవద్దంది కాబట్టి నేను చేతులు పెట్టలేదు. కుండ అంచు పట్టి పైపులోకి వంచాను, మా అమ్మ మొక్కుకుంటూ పోసింది. మా నాయన బావి తవ్వించినప్పుడూ అంతే చేశారు. గంగమ్మకు ఇచ్చింది నీళ్ళలో కలిపినట్టు లెక్క అని నా బుర్రకు తోచనే లేదు. గుడిలో కొట్టిన టెంకాయను పారేశామని ఎవరైనా అనుకుంటారా? ఇక కళ్యాణికి ఈ ఆచారం తెలియకపోవడంలో తప్పు లేదు. ఆ పిల్ల పుట్టిన తర్వాత మా చేలో నీళ్ళు పడటం అదే మొదలు.

కళ్యాణి నా వైపు చూసింది. తేలు కుట్టిన దొంగలా నేను టికెట్ మిషను వైపు చూశాను.

‘చిన్నాయనా, మజ్జిగలో ఏముంటాయో తెలుసా నీకు?’

‘వెన్న తీసినాక ఏముంటాది?’

‘లక్షల కోట్ల సూక్ష్మజీవులు. పుల్లముక్కల మాదిరివి.’

తొండూరు దాటాం. నేను వంగి మెల్లగా అన్నాను. ఈ మాట రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

‘పాపా, ఆడ ఎవురడగబోతాండారు? మన ముగ్గురికే గదా తెలిసింది. చెప్పాకు. రెండు నెల్ల బెంగళూరు పోతాది.’

‘ముగ్గురికా?’ అంది కళ్యాణి. ఒకసారి బస్సంతా కలియజూసింది. నలభై మంది మమ్మల్నే చూస్తున్నారు. ‘నాకు తెలిసింది గదా చిన్నాయనా. అది సాలదా?’

కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడ్చుంటే బాగుండేది, నేనూ కాస్త ఏడ్చేవాడిని. మా అమ్మ మాత్రం, తాను చేసిన తప్పేమిటో అర్థం కాక, దారి పొడుగునా చేతిలోని ఆధార్ కార్డును అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. దిగేటప్పుడు, ‘నేనేమన్నా చెడగొట్టినానా నాయనా?’ అని అడిగింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దించాను.

మరునాడు మొదటి బస్సుకు కళ్యాణి చిన్న సీసాలో మా ఇంటి మజ్జిగ పట్టుకుని పులివెందుల పోయింది. గౌరీ మేడం పరీక్ష చేయించింది. రంగు వేసి చూస్తే అవే పుల్లముక్కలు, అదే వరస. అనుమానం అక్కర్లేదు. ఆరువందల నలభై అడుగుల లోతులో కనిపించిన ప్రాణం మా అమ్మ మజ్జిగకుండలోదే. ‘పేరు వెనక్కి తీసుకోవచ్చమ్మా, ఎవరూ ఏమీ అనుకోరు’ అందట మేడం. ‘లేదు మేడం, మాట్లాడతాను. మాట్లాడేది మాత్రం మారుతుంది’ అందట మా పిల్ల.

శనివారం నేను సెలవు పెట్టాను. మా అన్న గొర్రెలను వదిలి రాలేడు కాబట్టి నేనూ అమ్మా ప్రొద్దుటూరు పోయాం. హాలు నిండా జనం. మా అమ్మ వెనక వరసలో ముడుచుకుని కూర్చుంది. మందను అదిలించే మనిషి అట్లా ముడుచుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు. నా మీద నాకే కోపం వచ్చింది.

బెంగళూరు నుంచి వచ్చిన శాస్త్రవేత్త పర్వీన్ గారిది ఈ ఊరేనట. కళ్ళజోడు ముక్కు మీదకు జార్చి అందరినీ ప్రశ్నలతో చెమటలు పట్టిస్తోంది. నాలుగో పేరుగా కళ్యాణిని పిలిచారు.

కళ్యాణి కాగితం చూడలేదు. ‘మా బోరు నీళ్ళలో సూక్ష్మజీవులు కనిపించాయని రాసి పంపాను. అవి మా జేజి గంగమ్మకు పోసిన మజ్జిగలోవి. నేను రాసింది తప్పు’ అని మొదలుపెట్టింది. హాల్లో కొందరు నవ్వారు. నవ్విన వాళ్ళ మొహాలు నేను గుర్తు పెట్టుకున్నాను, ఎప్పటికైనా నా బస్సు ఎక్కకపోతారా అని.

మా పిల్ల తొణకలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. కుక్కర్లో సీసాలు ఉడకబెట్టడం చెప్పింది, రాడ్డు బురద చెప్పింది, పది నిమిషాలు చెప్పింది. మజ్జిగతో పోల్చి చూసిన బొమ్మలు తెర మీద పక్కపక్కన పెట్టింది. ఆ తర్వాత ఒక కథ చెప్పింది. శని దగ్గర పదమూడేళ్ళు తిరిగిన అంతరిక్షనౌక ఒకటి ఉండేది. ఎన్సెలాడస్ చిమ్మే నీటి గుండా దూసుకుపోయి, అందులో ఉప్పు ఉందని చెప్పింది అదే. దానికి ఇంధనం అయిపోవస్తున్నప్పుడు ఏం చేశారో తెలుసా? కావాలనే శనిలోకి తోసి కాల్చేశారు. ఎప్పుడైనా అది ఆ చందమామ మీద పడితే, మన నుంచి అంటుకుని పోయిన సూక్ష్మజీవి ఒక్కటైనా ఆ నీళ్ళలో చేరుతుందేమోనని భయం.

‘అంత మడా!’ అంది నా పక్కన మా అమ్మ, అందరికీ వినపడేలా.

పర్వీన్ మేడం ప్రశ్న వేసింది. ‘అయితే మీ బోరు నీళ్ళలో సొంతంగా ప్రాణం ఉందా, లేదా?’

‘తెలీదు మేడం. ఇంక తెలుసుకోలేను కూడా. మళ్ళీ నీళ్ళు తీయొచ్చు. కానీ మొదటిసారి పైకొచ్చిన నీళ్ళు ఒక్కసారే దొరుకుతాయి. మేము పోగొట్టుకున్నాం. యూరోపాకు కూడా మొదటిసారి ఒక్కసారే మేడం. ఆడ ప్రాణం కనిపించిన రోజు అందరూ పండగ చేసుకుంటారు. ఆ రోజు ఎవరో ఒకరు లేచి, ఇది ఎవరి ఇంటిది అని అడగాల. ఆ అడిగే పని నాకు కావాల.’

మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ‘మీ జేజి వచ్చారా?’ అని అడిగింది.

మా అమ్మ లేచి నిలబడింది. ‘నేనేనమ్మా పోసింది. పాపది తప్పు లేదు. తిట్టేదుంటే నన్ను తిట్టండి.’

‘తిట్టడానికి కాదవ్వా. ఆ మజ్జిగకు తోడు యాడిది? బొమ్మలో ఎంత బలంగా ఉండాయో చూడు.’ మేడానికి ఉన్నట్టుండి మన ఊరి మాట వచ్చేసింది.

‘తోడా? మా అమ్మ ఇచ్చిందమ్మా, నేను కాపురానికి వచ్చిన దినం. చిన్న ముంతలో. యాభై రెండేండ్లు. ఆమెకు వాళ్ళమ్మ ఇచ్చింది. కరువు కాలంలో గొర్రెలు సచ్చినాయి గానీ తోడును సావనీలా. పాలు లేనప్పుడు పక్కింట్లో అడుక్కోనైనా తోడేసినా.’

చప్పట్లు ఎవరు మొదలుపెట్టారో చూడలేదు. నాకు కళ్ళు మసకగా ఉన్నాయి, ఈసారి మొహం మీద బోరు నీళ్ళు కూడా లేవు. నా మేనకోడలో, కూతురో కాదు, అన్న కూతురు. అయినా ఆ రోజు నేను పెంచిన బిడ్డ అనే అనిపించింది. చెప్పాకు అన్న నోరు ఇదే కదా అని నా మూతి మీద నేనే కొట్టుకోవాలనిపించింది.

సాయంత్రం నాలుగు గంటలకు పేరు చదివారు. కళ్యాణి పేరే. ప్రాణాన్ని కనిపెట్టిన కళ్యాణికి ఇచ్చి ఉంటే నేను ఇంత పొంగేవాడిని కాదు. కనిపెట్టలేదని చెప్పిన కళ్యాణికి ఇచ్చారు. సోమవారం నుంచి బస్సులో కథ మార్చి చెప్పాను. ముందు వారం విన్నవాళ్ళు, ‘అదేందప్పా, అట్ల చెప్తివి, ఇట్ల చెప్తాండావు?’ అని నిలదీశారు. ‘అప్పుడు నేను చెప్పింది అబద్ధం, ఇప్పుడు మా పాప చెప్పింది నిజం’ అన్నాను. అట్లా ఒప్పుకోవడం కండక్టరు జన్మలో నాకు అదే మొదలు.

బెంగళూరు పోయే ముందురోజు కళ్యాణి జేజి దగ్గర కూర్చుంది. అమ్మ తోడు ముంత కడుగుతోంది.

‘ఆడ నీకేం పనే?’ అని అడిగింది అమ్మ.

‘ఆ చందమామల మీదికి పంపే మిషన్లను తుడిచి, వాటి మీద మన సూక్ష్మజీవులు మిగిలినాయేమో లెక్కపెట్టడం ఎట్లనో నేర్పిస్తారంట జేజీ. మన మజ్జిగ ఆ నీళ్ళల్లోకి పోకుండా చూడ్డమే పని.’

మా అమ్మ కడిగిన ముంతనే మళ్ళీ తోమింది. ఇంకా బాధపడుతోందేమోనని నేను దగ్గరికి పోయాను. బాధ కాదు, ఆలోచన.

‘సరే. పోనీయకండి. అది వాళ్ళిల్లు. పిలవకుండా పోయేటప్పుడు చేతులు కడుక్కోని పోవల్ల’ అంది. ముంత బోర్లించి, మనవరాలి వైపు తిరిగింది. ‘ఆడ ఎవురూ లేరని తేలితే మాత్రం, అంత నీళ్ళను ఊరికే వదిలిపెట్టాకండి. నాకు చెప్పు. తోడు ఇచ్చి పంపుతా.’